ఒకే గిన్నెలో రెండు నురుగులు

ఒక గిన్నెలో కోడిగుడ్డు తెల్లసొన పోసి గిలకొట్టండి. కాసేపటికి అది తెల్లని నురుగై గిన్నె నిండుతుంది. మరో గిన్నెలో పాల నుంచి తీసిన చిక్కని క్రీమ్ పోసి అలాగే గిలకొట్టండి. అదీ గాలిని పట్టుకుని మెత్తగా పొంగుతుంది. దూరం నుంచి చూస్తే ఏది ఏదో చెప్పలేం. గిలకొట్టిన చెయ్యి ఒకటే, వాడిన తీగల గరిటె ఒకటే. అయినా ఒక వింత ఉంది. తెల్లసొనలో కాస్త కొవ్వు కలిసిందంటే నురుగు సరిగా రాదు. క్రీములో కొవ్వు తగ్గిందంటే నురుగు సరిగా రాదు. ఒకచోట శత్రువైన కొవ్వు మరోచోట మిత్రుడెలా అయింది?

దీనికి జవాబు వెతకడానికి ఇంగ్లండు వాళ్ల వేసవి తీపి వంటకం ఒకటి బాగా పనికొస్తుంది. ఈ రెండు నురుగులూ అందులో పక్కపక్కనే ఉంటాయి. దాని పేరు ఈటన్ మెస్. ఎండేదాకా ఓవెన్లో ఉంచిన గుడ్డు నురుగు ముక్కలు, గిలకొట్టిన క్రీమ్, స్ట్రాబెర్రీ పండ్లు, పంచదార. ఇంతకు మించి సరుకులేమీ లేవు. అన్నిటినీ ఒక గిన్నెలో కలిపేసి చల్లగా తింటారు. అందంగా పేర్చే పని కూడా లేదు.

లండన్‌కు పడమరగా, థేమ్స్ నదికి ఒక గట్టున విండ్సర్ కోట ఉంటే రెండో గట్టున ఈటన్ అనే చిన్న ఊరుంది. అక్కడి బడిని ఆరవ హెన్రీ రాజు 1440లో స్థాపించాడు. హారో అనే మరో బడితో ఈటన్ పిల్లలు క్రికెట్ ఆడటం 1805లో మొదలైంది. ఆ మొదటి పోటీలో హారో తరఫున ఆడినవారిలో తర్వాత మహాకవిగా పేరుపొందిన బైరన్ ఒకడు. ఈ క్రికెట్ పోటీ నాడు తినే తీపిగా ఈటన్ మెస్‌కు పేరు. పేరు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నదే గాని, వంటకం ఇప్పుడున్నట్టే ఎప్పుడూ లేదు. 1930ల్లో ఆ బడి దుకాణంలో స్ట్రాబెర్రీలో, అరటిపండు ముక్కలో క్రీములోనో ఐస్‌క్రీములోనో కలిపి ఇచ్చేవారు. గుడ్డు నురుగు ముక్కలు తర్వాత వచ్చి చేరాయి. బుట్టలో పెట్టిన తీపి మీద ఒక కుక్క కూర్చోవడం వల్ల అంతా చితికిపోయి ఈ వంటకం పుట్టిందని ఒక కథ చెబుతారు. వినడానికి సరదాగానే ఉంటుంది గాని, దానికి ఆధారం ఏమీ లేదు.

పేరులోని 'మెస్' అన్న మాట మనకు కొత్తది కాదు. ఉద్యోగం కోసం ఊరు విడిచి వచ్చినవాళ్లు భోజనం చేసే మెస్సు, కాలేజీ హాస్టలు మెస్సు అన్నీ ఆ మాటే. పాత ఇంగ్లీషులో దానికి ఒక పూట వడ్డించిన ఆహారం అని అర్థం. గజిబిజి, కలగాపులగం అన్న అర్థం తర్వాత వచ్చింది. ఈ వంటకాన్ని చూస్తే రెండు అర్థాలూ సరిపోతాయి.

పండూ క్రీమూ ఎందుకు జతకట్టాయో కూడా చెప్పుకోవాలి. ఇంగ్లండులో స్ట్రాబెర్రీలు ఆరుబయట పండేది జూన్, జూలై నెలల్లో. శీతకాలమంతా కొట్టంలో ఎండుగడ్డి తిన్న ఆవులు వసంతంలో పచ్చికబయళ్ల మీదికి వస్తాయి. వేసవి మొదట్లో లేత పచ్చిక ఏపుగా ఉంటుంది, పాలు సమృద్ధిగా ఉంటాయి. పాలు ఎక్కువగా ఉన్న రోజులూ, పండు పండే రోజులూ ఒకటే అయ్యాయి. వేసవి అన్నంత మాత్రాన మన వేసవి అనుకునేరు! దక్షిణ ఇంగ్లండులో జూలై నెల మధ్యాహ్నం సుమారు 22, 23 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటుంది. హైదరాబాదులో జనవరి మధ్యాహ్నం కూడా అంతకంటే వెచ్చగానే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. క్రీమ్ దగ్గరికి వచ్చేసరికి దీనితో మనకు పెద్ద పని ఉంది.

ముందు పండు

స్ట్రాబెర్రీని చేతిలోకి తీసుకుని చూడండి. ఎర్రని కండ మీద చిన్న చిన్న గింజలు అతికించినట్టు ఉంటాయి. పండంటే గింజ లోపల ఉండాలి గదా, ఇదేమిటి బయట ఉంది? నిజానికి మనం గింజలనుకునే ఆ ఒక్కొక్కటీ ఒక్కొక్క పండు. అసలు గింజ దాని లోపల ఉంటుంది. మనం తినే ఎర్రని కండ పువ్వు అడుగున ఉండే పుష్పాసనం ఉబ్బి తయారైనది. జీడిమామిడిలో కాడ ఉబ్బి పండులా కనిపించడం, అసలు కాయ కింద వేలాడటం మీకు తెలుసు. రెండూ అనృత ఫలాలే.

ఈ మొక్క పుట్టుక ఇంకా తమాషాగా ఉంటుంది. పెద్ద స్ట్రాబెర్రీ అడవిలో దొరికే మొక్క కాదు. 1714లో ఫ్రేజియర్ అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు దక్షిణ అమెరికాలోని చిలీ దేశం నుంచి పెద్ద కాయల జాతి మొక్కలు కొన్ని ఓడలో తెచ్చాడు. ఫ్రెంచి భాషలో స్ట్రాబెర్రీని 'ఫ్రేజ్' అంటారు. ఆయన ఇంటిపేరూ ఆ మాట నుంచి వచ్చినదే! పాపం, ఆయన తెచ్చినవన్నీ ఆడ మొక్కలు. వాటంతట అవి కాయవు. ఉత్తర అమెరికా నుంచి అంతకుముందే వచ్చిన మరో జాతి పక్కన నాటితే, దాని పుప్పొడి అంది కాయలు కాశాయి. అలా రెండు అమెరికాల మొక్కలు ఐరోపా తోటలో కలిసి పుట్టిన సంకరమే నేటి స్ట్రాబెర్రీ. ఇది రెండు జాతుల సంతానమని 1766లో గుర్తించినవాడు డ్యూషేన్ అనే పడుచు ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు.

మన దేశంలో ఈ పండు చలికాలపు పంట. ఎక్కువ భాగం మహారాష్ట్రలోని మహాబలేశ్వరం, పంచగని కొండల నుంచి వస్తుంది. మన లంబసింగి కొండల్లోనూ పండిస్తున్నారు. కాబట్టి ఇంగ్లండు వేసవి వంటకాన్ని మనం సంక్రాంతి రోజుల్లో చేసుకోవాలి. అదీ ఒకందుకు మంచిదే.

నలుగురికి అరకిలో పండ్లు చాలు. కడిగి, తుడిచి, తొడిమలు తీసి, నాలుగేసి ముక్కలు కోయండి. రెండు చెంచాల పంచదార చల్లి మూతపెట్టి అరగంట వదిలేయండి. మూత తీసి చూస్తే అడుగున ఎర్రని రసం! ఒక్క చుక్క నీళ్లు పోయలేదు, పిండనూ లేదు. ఎక్కడిది ఈ రసం? స్ట్రాబెర్రీ బరువులో పదింట తొమ్మిది వంతులు నీరే. అది కణాల లోపల ఉంది. బయట పంచదార కరిగి చిక్కని పాకమైంది. కణత్వచం నీటిని పోనిస్తుంది గాని పంచదారను అంత సులువుగా పోనివ్వదు. పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు నీరు నడిచి వచ్చింది. ఇదే ద్రవాభిసరణం. తొమ్మిదో తరగతి పిల్లలు ఈ మాటను పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు, వంటింట్లో ఎదురైతే మాత్రం గుర్తుపట్టరు! మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో ఉంచితే మూడో రోజుకు ఊట వస్తుంది చూడండి, అది కూడా ఇదే. అక్కడ ఉప్పు చేసిన పని ఇక్కడ పంచదార చేస్తుంది.

గుడ్డు నురుగు

ఇంగ్లీషువాళ్లు దీన్ని మెరింగ్ అంటారు. మన పొరుగున తమిళనాడులోని తూత్తుకుడిలో జీడిపప్పు పొడి కలిపి చేసే మెకరూన్లు తిన్నవాళ్లకు దీని రుచి తెలిసే ఉంటుంది. నోట్లో వేసుకుంటే కరకరమని, మరుక్షణం కరిగిపోతుంది.

తెల్లసొనలో పదింట తొమ్మిది వంతులకు కాస్త తక్కువగా నీరు. మిగిలినదాంట్లో దాదాపు అంతా ప్రొటీన్లు. ఒక్కొక్క ప్రొటీను అణువు పొడవాటి దారాన్ని ఉండ చుట్టినట్టు ఉంటుంది. ఆ దారంలో నీటిని ఇష్టపడే భాగాలున్నాయి, నీటిని తప్పించుకునే భాగాలున్నాయి. ఉండలో రెండో రకం భాగాలు ఎక్కువగా లోపలికి దాక్కుని ఉంటాయి. మనం గిలకొట్టినప్పుడు రెండు పనులు జరుగుతాయి. గాలి బుడగలు లోపలికి వెళతాయి. ఉండలు విప్పుకుంటాయి. విప్పుకున్న దారం బుడగ అంచుకు చేరి, నీటిని ఇష్టపడే భాగాన్ని నీటి వైపు, ఇష్టపడని భాగాన్ని గాలి వైపు పెట్టి కుదురుకుంటుంది. పక్కపక్క దారాలు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ప్రతి బుడగ చుట్టూ ఒక వల అల్లినట్టవుతుంది. ఆ వల గట్టిగా ఉన్నంతసేపు బుడగ పగలదు. బాగా గిలకొడితే తెల్లసొన మొదటి పరిమాణానికి ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుంది.

ఇప్పుడు పచ్చసొన చుక్క ఒకటి పడిందనుకోండి. పచ్చసొనలో కొవ్వు పదార్థాలు ఎక్కువ. వాటికి కూడా గాలి, నీరు కలిసే అంచు అంటే ఇష్టమే. ప్రొటీన్లు నిలబడాల్సిన చోటికి వచ్చి కూర్చుంటాయి. కూర్చున్నవి ప్రొటీన్లలా చేతులు కలుపుతాయా అంటే, కలపవు. వలలో అక్కడక్కడా కంతలు పడ్డట్టయింది. బుడగలు పగిలిపోతాయి, నురుగు ఎత్తు బాగా తగ్గిపోతుంది. అందుకే గుడ్డును ముందు చిన్న గిన్నెలో పగలగొట్టి, పచ్చసొన చితకలేదని చూసుకున్నాకే తెల్లసొనను పెద్ద గిన్నెలో పోయాలి. గిన్నెకు నూనె జిడ్డు ఉండకూడదు. ప్లాస్టిక్ గిన్నె అసలు వద్దు, ఎంత తోమినా దానికి జిడ్డు పట్టుకునే ఉంటుంది. స్టీలుదైతే మేలు.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఒకే సైజు గాజు గ్లాసులు మూడు తీసుకుని ఒక్కోదానిలో ఒక గుడ్డు తెల్లసొన పోయండి. మొదటిదాన్ని అలాగే ఉంచండి. రెండోదానిలో ఒక చుక్క పచ్చసొన, మూడోదానిలో అర చెంచా వంటనూనె వేయండి. గరిటెను ప్రతిసారీ సబ్బుతో కడిగి ఆరబెట్టి, గడియారం చూసి మూడేసి నిమిషాలు గిలకొట్టండి. స్కేలు పెట్టి నురుగు ఎత్తు రాసుకోండి. పది నిమిషాలాగి అడుగున ఎంత నీరు దిగిందో మళ్లీ కొలవండి. ఈ రెండో కొలత మరిచిపోవద్దు. నురుగు రావడం వేరు, నిలవడం వేరు. చేసిన తర్వాత ఆ గుడ్లను అట్టు వేసుకోండి, పారేయడమెందుకు?

ఇక వంటకానికి రెండు గుడ్ల తెల్లసొన, వంద గ్రాములకు కొంచెం పైగా మెత్తగా పొడిచేసిన పంచదార కావాలి. తెల్లసొనలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. ఆమ్లం ఉంటే ప్రొటీను దారాలు మరీ బిగుసుకుపోవు. అవి అతిగా బిగిస్తే వల నీటిని పిండేసి నురుగు విరిగిపోతుంది. ఫ్రాన్సులో వంటవాళ్లు నిమ్మరసం లేకుండానే రాగి గిన్నెలో గిలకొట్టి ఈ లాభం పొందేవారు. దీని మీద పరిశోధించి హెరాల్డ్ మెగీ మరో ఇద్దరితో కలిసి 1984లో 'నేచర్' పత్రికలో ఒక వ్యాసమే రాశాడు. తెల్లసొనలోని ఒక ప్రొటీను రాగిని పట్టుకుని గట్టిపడుతుందని ఆయన చూపాడు. వంటింటి అలవాటుకు అంత పెద్ద పత్రికలో చోటు దొరకడం నాకు చాలా నచ్చిన సంగతి.

నురుగు గరిటెను పైకెత్తితే కొన మెత్తగా వంగేదాకా పంచదార ముట్టుకోకండి. మొదట్లోనే వేస్తే ప్రొటీన్లు విప్పుకోవడం ఆలస్యమై చెయ్యి నొప్పి పుడుతుంది. కొన వంగే దశ వచ్చాక చెంచా తర్వాత చెంచాగా వేస్తూ గిలకొట్టండి. పంచదార నీటిలో కరిగి బుడగల మధ్య ఉన్న నీటిని చిక్కని పాకం చేస్తుంది. పలుచని నీళ్లు త్వరగా జారిపోతాయి, పాకం అంత త్వరగా జారదు. నురుగు నిగనిగలాడుతూ, కొన కొమ్ములా నిలబడితే చాలు. వేళ్ల మధ్య రుద్ది చూడండి, పలుకు తగలకూడదు.

ట్రే మీద బటర్ పేపర్ పరిచి, చెంచాతో నిమ్మకాయంత ముద్దలు పెట్టి, 100 డిగ్రీల ఓవెన్లో గంటన్నర ఉంచండి. ఓవెన్ దగ్గర పెద్దవాళ్లు ఉండాలి. ఇది కాల్చడం కాదు, నిదానంగా ఆరబెట్టడం. వేడికి ప్రొటీను వల గట్టిపడి శాశ్వతమవుతుంది, నీరు ఆవిరవుతుంది. మంట ఎక్కువ పెడితే పైన ఎరుపెక్కుతుంది, లోపల జిగురుగా ఉండిపోతుంది. ఓవెన్ ఆర్పేశాక అందులోనే చల్లారనిచ్చి గాలి చొరని డబ్బాలో పెట్టండి. పంచదార గాలిలోని తేమను లాక్కుంటుంది. వర్షాకాలంలో బయట పెడితే తెల్లారేసరికి సాగుతుంది.

గుడ్డు తినని ఇళ్లవాళ్లు నిరాశపడనక్కరలేదు. కాబూలీ శనగలు ఉడికించిన నీటిని చిక్కగా మరిగించి చల్లార్చి గిలకొడితే అదీ తెల్లని నురుగవుతుంది. ఫ్రాన్సులో జోయెల్ రొసెల్ అనే ఆయన 2014లో ఈ సంగతి కనిపెట్టి అందరికీ చెప్పాడు. శనగల నుంచి నీటిలోకి దిగిన ప్రొటీన్లతో పాటు సాపోనిన్లు కూడా నురుగుకు తోడ్పడతాయి. కుంకుడుకాయ నురుగుకు కారణం కూడా సాపోనిన్లే. కుంకుడు రసం మాత్రం తినేది కాదు సుమా!

క్రీమ్ నురుగు

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. క్రీమ్ అంటే మనింట్లో కాచిన పాల మీద కట్టే మీగడ కాదు. మీగడ తరకలో వేడికి గట్టిపడ్డ ప్రొటీన్లు, కొవ్వు కలిసి ఉంటాయి. దాన్ని గిలకొడితే పీలికలవుతుంది గాని పొంగదు. క్రీమ్ అంటే పాలలో కొవ్వు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి తీసినది. పాలను కదపకుండా ఉంచితే నీటికంటే తేలికైన కొవ్వు గోళాలు పైకి తేలతాయి. పూర్వం అలాగే తీసేవారు. 1878లో స్వీడన్ దేశపు ఇంజనీరు గుస్తాఫ్ ద లావల్ పాలను వేగంగా గిరగిర తిప్పి, ధారగా వేరుచేసే యంత్రాన్ని కనిపెట్టాక ఆ నిరీక్షణ తప్పింది.

ఇంగ్లండులో క్రీమ్‌ను కొవ్వు శాతాన్నిబట్టి అమ్ముతారు. 18 శాతం ఉన్నది సింగిల్ క్రీమ్, 35 ఉన్నది విప్పింగ్ క్రీమ్, 48 ఉన్నది డబుల్ క్రీమ్. మొదటిది ఎంత గిలకొట్టినా నిలవదు. ఇంచుమించు 30 శాతానికి పైన ఉంటేనే నురుగు నిలుస్తుంది. మన దుకాణాల్లో 'ఫ్రెష్ క్రీమ్' డబ్బాల్లో చాలావాటి మీద 25 శాతం అని ఉంటుంది. వాటితో ప్రయత్నించి, చెయ్యి సరిగా తిరగలేదని అనుకునేవాళ్లు చాలామంది. లోపం చేతిలో లేదు, డబ్బా మీది అంకెలో ఉంది. పాలతో చేసిన 'విప్పింగ్ క్రీమ్' అని అడిగి, కొవ్వు శాతం చదివి కొనండి.

కొవ్వు ఎందుకింత అవసరం? క్రీములో కొవ్వు చిన్న చిన్న గోళాలుగా ఉంటుంది. ఒక్కొక్కటి సగటున మూడు నాలుగు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతుకు మూడు నాలుగు రెట్లు. ప్రతి గోళం చుట్టూ పలుచని పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతకాలం గోళాలు ఒకదానికొకటి అంటుకోవు. గిలకొట్టినప్పుడు దెబ్బలకూ, గాలి బుడగల రాపిడికీ పొర అక్కడక్కడా చిరుగుతుంది. లోపలున్న కొవ్వులో కొంత స్ఫటికాలుగా గట్టిపడి ఉంటుంది, కొంత ద్రవంగా ఉంటుంది. చిరుగులోంచి వచ్చిన ద్రవం జిగురులా పనిచేసి ఒక గోళాన్ని పక్క గోళానికి అతికిస్తుంది. గట్టి స్ఫటికాలు గోళం రూపం చెడకుండా నిలబెడతాయి. అతుక్కున్న గోళాలు గొలుసులై గాలి బుడగ చుట్టూ గోడ కడతాయి. ఇటుక గోడ అనుకోండి. స్ఫటికాలు ఇటుకలు, ద్రవపు కొవ్వు సున్నం. రెండింట్లో ఏది లేకపోయినా గోడ లేదు.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. తెల్లసొనలో బుడగను కాపాడేది ప్రొటీను వల. కొవ్వు వచ్చి ఆ వలలో చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి శత్రువు. క్రీములో బుడగను కాపాడేది కొవ్వు గోడే. ఇటుకలు చాలకపోతే గోడ పూర్తికాదు. రెండూ నురుగులే, కాని బుడగ చుట్టూ ఉన్న కట్టడం వేరు.

చల్లదనం గొడవ కూడా దీనితోనే తేలిపోతుంది. పాల కొవ్వు ఒక్కసారిగా కరగదు. ఫ్రిజ్‌లో ఉంచినప్పుడు చాలా భాగం గట్టిగా ఉంటుంది. 20 డిగ్రీలు దాటితే గట్టి భాగం కొద్దిగానే మిగులుతుంది. 40 డిగ్రీలకు మొత్తం ద్రవమే. మే నెలలో విజయవాడ వంటింట్లో క్రీమ్ గిలకొడితే ఇటుకలు లేని గోడ కట్టినట్టు. గోళాలు అతుక్కుని నిలబడవు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి జిడ్డు చుక్కలవుతాయి. ఇంగ్లండులో 20 డిగ్రీల వేసవిలో పుట్టిన వంటకం మన ఎండలో ఎందుకు మొరాయిస్తుందో అర్థమైంది గదా! క్రీమ్‌తో పాటు గిన్నెనూ గరిటెనూ కూడా ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచండి. పెద్ద పళ్లెంలో ఐసు ముక్కలు పోసి వాటి మధ్య గిన్నె పెట్టుకుని గిలకొట్టండి. కుల్ఫీ వాళ్లలా ఐసులో ఉప్పు వేయకండి, క్రీమ్ గడ్డకట్టిపోతుంది. బేకరీ కేకుల మీద క్రీమ్ ఎండలో కూడా నిలుస్తుందే అంటారా? వాటిలో చాలావరకు పాల కొవ్వు కాదు, ఎక్కువ వేడికి గాని కరగని వనస్పతి లాంటి కొవ్వులు. నిలవడం నిలుస్తుంది, నోట్లో మాత్రం మైనంలా అంటుకుంటుంది.

ఎప్పుడు ఆపాలో తెలియాలి. దీనికొక చిన్న ప్రయోగం ఉంది. వెడల్పు మూతి హార్లిక్స్ సీసాలో మూడో వంతు చల్లని క్రీమ్ పోసి మూత బిగించి ఊపండి. మొదట బుడబుడమని చప్పుడు వస్తుంది. కొన్ని నిమిషాలకు చప్పుడు ఆగిపోతుంది. క్రీమ్ గాలితో పొంగి సీసా గోడలకు అంటుకుంది, కదలడానికి ఏమీ లేదు. నురుగు దశ అదే. అక్కడ ఆపకుండా ఇంకా ఊపితే ఉన్నట్టుండి మళ్లీ చప్పుడు మొదలవుతుంది. ఈసారి ముద్ద దబ్బుమని కొట్టుకునే చప్పుడు. తీసి చూస్తే పసుపుపచ్చని వెన్న, పక్కన పలుచని మజ్జిగ! గోడ కట్టిన గోళాలు మరీ దగ్గరై గోడ కూలిపోయింది, గాలి పారిపోయింది. నీటిలో కొవ్వు చుక్కలుగా ఉన్నది కొవ్వులో నీటి చుక్కలుగా తిరగబడింది.

కవ్వంతో పెరుగు చిలికే అమ్మమ్మలకు ఈ శాస్త్రమంతా చేతి వాటంగా తెలుసు. వేసవిలో వెన్న జారిపోతుంటే చన్నీళ్లు పోస్తారు. చలికాలంలో వెన్న కట్టకపోతే గోరువెచ్చని నీళ్లు పోస్తారు. ఇటుకలు తక్కువైనప్పుడు ఇటుకలు, సున్నం తక్కువైనప్పుడు సున్నం. వాళ్లకు కావలసింది గోడ కూలడమే, మనకు కావలసింది గోడ నిలవడం. అంతే తేడా.

నలుగురికి 300 మిల్లీలీటర్ల క్రీమ్ సరిపోతుంది. రెట్టింపు పరిమాణానికి వచ్చి, గరిటె గీసిన గీతలు చెరగకుండా ఉన్నప్పుడు ఆపేయండి. కాస్త మెత్తగా ఉండగా ఆపడమే మంచిది, కలిపేటప్పుడు అది ఎలాగూ ఇంకొంచెం గట్టిపడుతుంది.

ఇక కలపడం. మెరింగ్ ముక్కలను చేత్తో ఉసిరికాయంత ముక్కలుగా విరిచి ముందు క్రీములో వేయండి. గిలకొట్టకుండా గరిటెతో అడుగు నుంచి పైకి తిరగేస్తూ మూడు నాలుగు సార్లు కలపండి. క్రీములోని కొవ్వు ముక్కల చుట్టూ పూతలా పట్టి పండు రసాన్ని కాసేపు దూరంగా ఉంచుతుంది. ఆ తర్వాత పండ్ల ముక్కలు, చివర రసం కొద్దిగా చారలు చారలుగా. రసం ముందు పోస్తే మెరింగ్ నీరు పీల్చుకుని పాకమైపోతుంది.

స్ట్రాబెర్రీ పులుపు గదా, పాలలో నిమ్మరసం పిండితే విరిగినట్టు క్రీమ్ విరగదా అని మీలో ఎవరికో సందేహం వచ్చే ఉంటుంది. మంచి సందేహమే. పాలు విరగడం అంటే కేసిన్ అనే ప్రొటీను ముద్దకట్టడం. చిక్కని క్రీములో సగానికి దగ్గరగా కొవ్వే ఉంటుంది కాబట్టి కేసిన్‌కు చోటు తక్కువ. ఉన్న కొద్దిపాటి కేసిన్ ముద్దకట్టినా, విరిగినట్టు కనబడదు, క్రీమ్ మరికాస్త చిక్కబడుతుంది. ఇంగ్లండులోనే 'ఫూల్' అనే మరో పాత వేసవి తీపి ఉంది. అందులో ఉడికించిన పుల్లని గూస్‌బెర్రీ గుజ్జును క్రీములో కలుపుతారు. దాని చిక్కదనంలో పులుపుకూ వాటా ఉంది.

కలిపిన పావుగంటలో తినేయాలి. మెరింగ్ బయట మెత్తబడి లోపల ఇంకా కరకరలాడే సమయం అదే. అతిథులు ఆలస్యంగా వస్తారనుకుంటే మూడింటినీ మూడు గిన్నెల్లో విడివిడిగా ఉంచి, వాళ్లు చెప్పులు విప్పేటప్పుడు కలపడం మొదలుపెట్టండి. రెండు పచ్చసొనలు మిగిలాయి గదా, వాటిని పాలు, పంచదార కలిపి సన్నని సెగ మీద కస్టర్డ్‌గా కాచుకోవచ్చు. కలియబెట్టడం మాత్రం ఆపకండి. 80 డిగ్రీలు దాటితే అదీ విరుగుతుంది.